నువ్వు వీళ్ళకి ఏమవుతావ్? క్వీర్ కుటుంబాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ నన్ను మెసేజుల్లో, ఫోన్లలో, ఒక్కోసారి పెళ్ళి భోజనాల దగ్గర పక్కన కూర్చున్నవాళ్ళు గొంతు తగ్గించి అడిగిన ప్రశ్నలు. విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నా. నేనూ నా పార్ట్‌నర్ హైదరాబాద్‌లో ఉంటాం, ఇద్దరం ఆడవాళ్ళమే, సొంతూళ్ళు గోదావరి వైపు. చట్టం సంగతులు ఇండియాకి సంబంధించినవే రాశా. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి అక్కడ 2015 నుంచి దేశమంతా పెళ్ళి హక్కు ఉంది కానీ ఆ పెళ్ళి పట్టుకుని ఇక్కడికొస్తే ఇక్కడి చట్టంలో దానికి గుర్తింపు లేదు, అది గుర్తుపెట్టుకోండి.

క్వీర్ ఫ్యామిలీ, ఎంచుకున్న కుటుంబం అంటారు కదా, అంటే ఏంటి?

గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్ (పుట్టినప్పుడు ఆడ, మగ అని రాసింది తమకి సరిపోనివాళ్ళు), ఇలా అందర్నీ కలిపి క్వీర్ అంటున్నాం. మాకు పుట్టిన కుటుంబం ఒకటుంటుంది, పెద్దయ్యాక మేం కట్టుకున్న కుటుంబం ఇంకోటి ఉంటుంది. చాలామందికి రెండూ ఉంటాయి, కొందరికి రెండోదే మిగులుతుంది. జ్వరమొస్తే చారన్నం పట్టుకొచ్చేవాళ్ళు, ఓనర్ ఉన్నట్టుండి ఖాళీ చెయ్యమంటే మన బీరువా వాళ్ళ హాల్లో పెట్టించేవాళ్ళు, జీతం పడని నెల ఫోన్‌పే చేసి మళ్ళీ ఆ ఊసే ఎత్తనివాళ్ళు. మేం కట్టుకున్న కుటుంబంలో నలభైలు దాటిన ఒక ట్రాన్స్ అక్క ఉంది, ఒక గే తమ్ముడున్నాడు, వాడి పార్ట్‌నర్ ఉన్నాడు, ఎవరింట్లో వాళ్ళే ఉంటాం కానీ కష్టమొస్తే ముందు ఫోన్ వెళ్ళేది వీళ్ళకే. ఉత్త ఫ్రెండ్స్ కదా అనకండి, ఫ్రెండ్ రాకపోతే బిజీ ఏమో అనుకుంటాం, వీళ్ళు రాకపోతే నిలదీస్తాం.

మా చుట్టాలందర్లో నేనొక్కదాన్నే/ఒక్కణ్ణే వేరేగా ఉన్నట్టు ఎందుకనిపిస్తుంది? నాలో ఏదైనా లోపమా?

లోపం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణని జబ్బుల లిస్టులోంచి 1990లోనే తీసేసింది. కానీ మీరడిగేది డాక్టర్ జవాబు కాదని నాకు తెలుసు.

మన ఇళ్ళల్లో ప్రేమ ఎక్కువభాగం వరసల మీద నడుస్తుంది. బావా మరదళ్ళ పరాచికాలు, మేనమామ చీర పెట్టడం, తోడికోడళ్ళ ముచ్చట్లు, అన్నీ పెళ్ళి అనే గుంజ చుట్టూ కట్టినవే. మీరు ఆ గుంజకి కట్టుబడలేరని మీకు పన్నెండేళ్ళకో పదిహేనేళ్ళకో తెలిసిపోతుంది, ఇంట్లో ఇంకెవరికీ తెలీదు. అప్పట్నుంచి ప్రతి ఫంక్షన్‌లో ఒక కాపలా మొదలవుతుంది. బంతిలో కూర్చున్నప్పుడు పెద్దమ్మ "మాకు పప్పన్నం ఎప్పుడు పెడతావే" అంటుంది, అందరూ నవ్వుతారు, మీరూ నవ్వుతారు, ఆ నవ్వు తర్వాత ముద్ద దిగదు. కజిన్స్ క్రష్‌ల గురించి మాట్లాడుకుంటుంటే మీరు ఎవరి పేరు చెప్పాలో వెతుక్కుంటారు. పార్ట్‌నర్ ఉన్నాక ఇంకో తిప్పలు, "వస్తాడు" అనలేం, "వస్తుంది" అనలేం, "వాళ్ళు వస్తామన్నారు" అని బహువచనంలో దాక్కుంటాం. ఇన్ని కాపలాలు కాసుకుంటూ కూర్చున్న మనిషికి తను వేరే అనిపించకుండా ఎలా ఉంటుంది? చుట్టాలు చెడ్డవాళ్ళు కానక్కర్లేదు కూడా. ప్రేమగా చూసే ఇంట్లోనే ఇది ఇంకా ఎక్కువ నొప్పి పెడుతుంది, ఎందుకంటే వాళ్ళు ప్రేమిస్తున్నది పూర్తి మిమ్మల్ని కాదేమో అనే అనుమానం లోపల తొలుస్తూ ఉంటుంది.

మీలాంటి ఒక్క మనిషి పరిచయం అయినా ఈ బరువు సగం దిగుతుంది. అందుకే ఎంచుకున్న కుటుంబం గురించి ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఇదంతా ఫారిన్ నుంచి వచ్చిన ఫ్యాషన్ కదా? మన సంస్కృతిలో కుటుంబం అంటే రక్తసంబంధమే కదా?

మన దగ్గర రక్తం లేకుండా చుట్టరికం కలుపుకోవడం కొత్తేం కాదు. కోస్తా, రాయలసీమల్లో ఇల్లటం అల్లుడు అని ఉండేవాడు, కొడుకుల్లేని ఇంట్లోకి అల్లుడిగా వచ్చి కొడుకులాగే ఆస్తిలో భాగం తీసుకునేవాడు, కోర్టులు కూడా ఆ ఆచారాన్ని ఒప్పుకున్నాయి. ఉత్తరాంధ్రలో నేస్తం కడతారు, వేరే ఇంటి మనిషితో, వేరే కులం మనిషితో కూడా, ఆ తర్వాత పండక్కి పెట్టుపోతలు సొంత చుట్టాలకి జరిగినట్టే జరుగుతాయి. దత్తత సంగతి చెప్పక్కర్లేదు.

ఇంక హైదరాబాద్ హిజ్రాల సంగతి చూడండి. లష్కర్ వాళ్ళు, షెహర్ వాళ్ళు అని ఇక్కడ పాత ఇళ్ళు, అంటే గురుశిష్యుల వంశాలు, ఉన్నాయి. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన పిల్ల ఒక గురువు దగ్గరికి చేరుతుంది, జమాత్ (హిజ్రాల సంఘం) పెద్దల ముందు రీత్ పడుతుంది, అంటే ఫలానా ఇంటి మనిషి అని ఖాయం అవుతుంది. గురువుకి గురువు నాని అవుతుంది, ఒకే గురువు చేలాలు (శిష్యులు) గురుభాయిలు అవుతారు. ఇది కాక తల్లీకూతుళ్ళ వరస కూడా కలుపుకుంటారు, పాలు తాగించి కూతుర్ని చేసుకోవడం ఉంది. వరస లేకుండా బతకలేని మన సమాజంలో, అన్ని వరసలూ తెగిపోయినవాళ్ళు తమకి తాము మొత్తం వావివరసలు కట్టుకున్నారు. దాన్ని చూసి గౌరవించాలి అనిపిస్తుంది నాకు.

ఐతే జమాత్‌లో అంతా బాగానే ఉంటుందా?

అలా చెప్పలేను. గురువు మాట దాటితే దండ్ (జరిమానా) కట్టాలి, సంపాదన మీద అజమాయిషీ ఉంటుంది, ఒక ఇల్లు వదిలి ఇంకో ఇంటికి పోవడం తేలిక కాదు. చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న కొత్త తరం ట్రాన్స్ పిల్లలు కొందరు అందుకే దూరంగా ఉంటున్నారు. అదే గురువు చేలాకి ఒంట్లో బాగోకపోతే నెలల తరబడి పక్కన కూర్చోవడం కూడా ఉంది. ఏ ఇంట్లో ఐనా పెద్దల ప్రేమ, పెత్తనం రెండూ కలిసే వస్తాయి.

ఒక చరిత్ర మాత్రం తెలుసుకోవాలి. నిజాం కాలంలో, 1919లో, హైదరాబాద్‌లో హిజ్రాల పేర్లన్నీ రిజిస్టర్‌లో రాయించాలని చట్టం చేశారు. ఆడబట్టలతో రోడ్డు మీద కనిపిస్తే వారెంట్ లేకుండా అరెస్ట్ చెయ్యొచ్చు. పదహారేళ్ళ లోపు అబ్బాయిని ఇంట్లో ఉంచుకుంటే జైలు. అంటే వీధిన పడ్డ పిల్లాడికి అన్నం పెట్టి ఇంట్లో పడుకోబెట్టినా నేరమే! ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో కోర్టుకెళ్తే, తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఆ చట్టాన్ని కొట్టేసింది. వందేళ్ళకి పైగా పుస్తకాల్లో ఉంది అది.

ఇంట్లో చెప్పెయ్యాలా?

చెప్పడం మీ బాధ్యత ఏమీ కాదు. చెప్పకపోతే మోసం చేస్తున్నట్టు కాదు. చెప్పాలనిపిస్తే ముందు రెండు విషయాలు చూసుకోండి: మీ తిండి, ఫీజు ఎవరి చేతిలో ఉన్నాయి, గొడవైతే ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారు. ఇంకా చదువుకుంటూ నాన్న డబ్బు మీద ఉంటే ఉద్యోగం వచ్చేదాకా ఆగడంలో పిరికితనం లేదు. టెన్త్ మెమో, డిగ్రీ ఒరిజినల్స్, ఆధార్, పాస్‌పోర్ట్, బ్యాంక్ పాస్‌బుక్ మీ దగ్గర ఉంచుకోండి, కనీసం డిజిలాకర్‌లో ఐనా పెట్టుకోండి, గొడవల్లో ముందు బీరువాలో పెట్టి తాళం వేసేది వీటినే. అమ్మానాన్నలకి ఒకేసారి చెప్పక్కర్లేదు. చాలా ఇళ్ళల్లో అక్కో, చిన్నపిన్నో, అమ్మమ్మో ముందు అర్థం చేసుకుంటారు. అమ్మమ్మల గురించి ముఖ్యంగా చెప్తున్నా, వాళ్ళు జీవితంలో చాలా చూసి ఉంటారు.

పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయి అంటున్నారు. చేసుకోమంటారా?

వద్దు. సర్దుకోదు. ఇంకో ఇంటి అమ్మాయి జీవితమో అబ్బాయి జీవితమో మధ్యలో నలిగిపోతుంది, ఆ మనిషి ఏం పాపం చేశాడని?

సైకియాట్రిస్ట్ దగ్గరికి, స్వామీజీ దగ్గరికి తీసుకెళ్తున్నారు. మార్చేస్తారట.

ఎవరూ మార్చలేరు. మద్రాస్ హైకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు తర్వాత నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ఇలాంటి "మార్చే ట్రీట్‌మెంట్" ఇవ్వడం డాక్టర్ వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది, కంప్లయింట్ ఇవ్వొచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మేజర్ అయిన మనిషిని ఇంట్లోవాళ్ళు అడిగారు కదా అని ఆస్పత్రిలో పడెయ్యడానికి లేదు. మీకు నిజంగా దిగులుగా ఉంటే, నిద్ర పట్టకపోతే మంచి డాక్టర్ని కలవండి, అది వేరే విషయం. మొదటి సిట్టింగ్‌లోనే "నేను గే అని మీరు మార్చాలని చూస్తారా" అని సూటిగా అడగండి, జవాబు నచ్చకపోతే లేచి వచ్చెయ్యండి.

ఇంట్లో బంధించారు, ఫోన్ లాక్కున్నారు. ఏం చెయ్యాలి?

మేజర్ ఐతే మిమ్మల్ని బంధించే హక్కు కన్నతండ్రికి కూడా లేదు. మీ పార్ట్‌నరో స్నేహితులో హైకోర్టులో హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకి తీసుకురమ్మని అడిగే పిటిషన్) వెయ్యొచ్చు. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఇలాగే ఒక అమ్మాయి తన పార్ట్‌నర్‌ని తండ్రి బంధించాడని పిటిషన్ వేసింది, బెంచ్ ఆ రెండో అమ్మాయితో మాట్లాడి, ఆమె మేజర్, ఎవరితో ఉండాలో తన ఇష్టం అని పంపించింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసుల్లో జడ్జిలు ఎలా నడుచుకోవాలో గైడ్‌లైన్స్ ఇచ్చింది: మనిషితో ఒంటరిగా మాట్లాడాలి, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చెయ్యకూడదు, కుటుంబం అంటే పుట్టిన కుటుంబమే కాదు ఎంచుకున్నది కూడా. 2025 మేలో మద్రాస్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, పెళ్ళికి గుర్తింపు లేకపోయినా వీళ్ళు కుటుంబంగా ఏర్పడవచ్చు అని రాసింది.

చెప్పినంత తేలిగ్గా జరగదు, లోకల్ స్టేషన్‌లో "ఇంటి గొడవ, మీరే మాట్లాడుకోండి" అని పంపించేస్తుంటారు. అందుకే మీ మనుషుల్లో ఒకళ్ళ దగ్గర మీ చేతిరాతతో, డేట్ వేసి, "నేను మేజర్‌ని, నా ఇష్టంతో ఫలానావాళ్ళతో ఉంటున్నా, నన్ను బలవంతంగా తీసుకెళ్తే కోర్టుకి వెళ్ళండి" అని రాసిన కాగితం, ఆధార్ జిరాక్స్ ముందే పెట్టి ఉంచండి. ఒక చిన్న వీడియో కూడా.

స్వలింగ సంబంధాల్ని నేరం అన్న 377 సెక్షన్ పోయింది కదా, మరి పెళ్ళి ఎందుకు చెల్లదు?

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది మేజర్లు ఇష్టపడి కలిసుంటే నేరం కాదని, అంతవరకే. పెళ్ళి హక్కు కోసం వేసిన కేసులో ముందున్న పేర్లు హైదరాబాద్‌లో ఉండే జంటవే, సుప్రియో, అభయ్. 2023 అక్టోబర్ 17న తీర్పు వచ్చింది, పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జిలూ అన్నారు, సివిల్ యూనియన్ (పెళ్ళి అనకపోయినా జంటగా చట్టం ఇచ్చే గుర్తింపు) ఐనా ఇవ్వాలని ఇద్దరు, అక్కర్లేదని ముగ్గురు. రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. 2023 తీర్పులోనే ఒక మంచి ముక్క ఉంది, ట్రాన్స్ మనిషి స్త్రీపురుష బంధంలో ఉంటే, ఉదాహరణకి ట్రాన్స్ స్త్రీ ఒక పురుషుణ్ణి పెళ్ళి చేసుకుంటే, ఇప్పుడున్న చట్టాల కింద అది చెల్లుతుంది.

ఆ తీర్పు వచ్చిన రోజు సాయంత్రం మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మర్నాటి నుంచి కాగితాల పని మొదలుపెట్టాం.

ఏం కాగితాలు? హాస్పిటల్‌లో పార్ట్‌నర్‌ని లోపలికి రానిస్తారా?

ఇది అందరూ చదవాలి. నా పార్ట్‌నర్‌కి అపెండిక్స్ ఆపరేషన్ అన్నప్పుడు రాత్రి కౌంటర్ దగ్గర ఫామ్ ఇచ్చారు. "పేషెంట్‌కి ఏమవుతారు?" ఫ్రెండ్ అన్నా. "ఫ్రెండ్ కాదమ్మా, సొంతవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" తను పక్కనే స్ట్రెచర్ మీద పొట్ట పట్టుకుని ఉంది, పూర్తి స్పృహలో ఉంది, ఐనా తణుకు నుంచి వాళ్ళ తమ్ముడు వచ్చేదాకా ఆగమన్నారు. మా ట్రాన్స్ అక్క వచ్చి డ్యూటీ డాక్టర్ని పక్కకి పిలిచి, మేజర్ అయిన పేషెంట్ స్పృహలో ఉంటే ఆ పేషెంట్ సంతకమే సంతకం, ఇంకెవరిదీ అక్కర్లేదు అని ఓపిగ్గా చెప్పింది. ఆయన సరే అన్నాడు, తనే సంతకం పెట్టింది, ఆపరేషన్ ఐపోయింది. తమ్ముడు పొద్దున్న వచ్చి నాకు కాఫీ తెచ్చిచ్చాడు, అబద్ధం ఎందుకు, అది బాగా అనిపించింది.

చట్టం అదే. స్పృహలో ఉన్న మేజర్ పేషెంట్ తన కన్సెంట్ తనే ఇస్తుంది, ప్రాణం మీదకొస్తే కన్సెంట్ కోసం ఆగకుండా ట్రీట్‌మెంట్ చెయ్యొచ్చు. మానసిక ఆరోగ్య చికిత్సకి మాత్రం 2017 చట్టంలో 14వ సెక్షన్ కింద మీకు నచ్చిన మేజర్ ఎవరినైనా మీ తరఫు ప్రతినిధిగా తెల్లకాగితం మీద సంతకం పెట్టి నియమించుకోవచ్చు, రక్తసంబంధం అక్కర్లేదు, క్వీర్ పిల్లల్లో దిగుళ్ళు ఎక్కువ కాబట్టి ఇది తప్పకుండా రాసుకోండి. ఇంక కోలుకోలేని స్థితికి లివింగ్ విల్ (అప్పుడు ఏ చికిత్స కావాలో వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితం) ఉంది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని తేలిక చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ముందు సంతకం, మీ తరఫున నిర్ణయం చెప్పేవాళ్ళ పేర్లు ఒకటికంటే ఎక్కువ రాయొచ్చు.

డబ్బు, ఇల్లు, పీఎఫ్ సంగతి?

బ్యాంక్: జాయింట్ అకౌంట్ తెరవడానికి, పార్ట్‌నర్‌ని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో రాతపూర్వకంగా చెప్పింది. మేనేజర్ కాదంటే ఆ సర్క్యులర్ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టండి. కానీ నామినీ అంటే ఓనర్ కాదు, డబ్బు తీసి వారసులకి అప్పగించే మనిషి మాత్రమే, ఈ తేడా తెలీక చాలామంది నష్టపోతున్నారు. అందుకే వీలునామా రాయండి. ముప్పై ఏళ్ళకి వీలునామా ఏంటి అనకండి, అది లేకపోతే చట్టం రక్తాన్ని, పెళ్ళిని తప్ప ఇంకేదీ చూడదు. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు, ఆస్తి వచ్చేవాళ్ళని సాక్షిగా పెట్టొద్దు. ఐనా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించమనే చెప్తా, రేపు అన్నదమ్ములు ఎదురు తిరిగితే అది ఆదుకుంటుంది.

పీఎఫ్‌లో జాగ్రత్త. రూల్స్ ప్రకారం మీకు "కుటుంబం" ఉంటే వాళ్ళకే నామినేషన్, బయటివాళ్ళకి రాస్తే చెల్లదు. పెళ్ళి కానివాళ్ళకి, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు లేకపోతే, వేరేవాళ్ళ పేరు రాయొచ్చు. ఇల్లు కొంటే సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ వేయించండి, ఒకరి పేరు మీద కొని తర్వాత రాసిద్దాం అనుకుంటే కుటుంబ సభ్యులకి ఉండే స్టాంపు డ్యూటీ తగ్గింపు మీకు రాదు.

రేషన్ కార్డుకి కలిసుండే పార్ట్‌నర్లని ఒకే ఇంటివాళ్ళుగా చూడమని కేంద్రం 2024లో రాష్ట్రాలకి రాసింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేకపోతే పార్ట్‌నర్‌కి భౌతికకాయం అప్పగించమని ఆరోగ్య శాఖ కూడా రాసింది. ఆ మాట రాయించుకోవాల్సిన పరిస్థితి ఉందంటేనే కడుపు రగిలిపోతుంది, ఎందరు కడచూపుకి నోచుకోకుండా మార్చురీ బయట నిలబడి ఉంటారో.

పిల్లలు?

జంటగా దత్తత కుదరదు, రెండేళ్ళ స్థిరమైన వైవాహిక బంధం ఉండాలని రూలు. ఒంటరిగా ఒకరు తీసుకోవచ్చు, ఒంటరి మగవాళ్ళకి ఆడపిల్లని ఇవ్వరు. పెళ్ళికాని స్త్రీ 2021 చట్టం కింద ఐవీఎఫ్ చేయించుకోవచ్చు, సరోగసీ మాత్రం ఒంటరి స్త్రీలలో వితంతువులకి, విడాకులైనవాళ్ళకే. ఎలా పెంచినా కాగితం మీద అమ్మ ఒకరే అవుతారు. రెండో మనిషి కోసం, తన తర్వాత గార్డియన్ ఫలానావాళ్ళు అని మొదటి అమ్మ వీలునామాలో రాయాలి.

మా అబ్బాయి చెప్పాడు. నాకేం తోచట్లేదు. నేను పెంపకంలో ఎక్కడ తప్పు చేశాను?

అమ్మా, పెంపకంలో తప్పు లేదు. వాడు మీకు చెప్పాడంటేనే మీరు బాగా పెంచారని అర్థం. ఏడుపొస్తే ఏడవండి, మీరు కట్టుకున్న ఊహ ఒకటి కూలింది, బాధ ఉంటుంది. వాడి ముందు మాత్రం "ఎవరికీ చెప్పకు" అనే మాట మొదటి మాటగా అనకండి. "తిన్నావా?" అనండి, మిగతావి తర్వాత. వాడి స్నేహితుల్ని ఇంటికి పిలవండి, వాళ్ళలో ఎవరికో పండక్కి వెళ్ళడానికి ఇల్లు ఉండకపోవచ్చు. ఇలాంటి తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న స్వీకార్ అనే గ్రూప్ ఉంది, మీలాంటి అమ్మతో ఒక గంట మాట్లాడితే నేను చెప్పేదానికంటే ఎక్కువ తేలికవుతుంది.

ఎంచుకున్న కుటుంబంలో గొడవలు రావా?

వస్తాయి. డబ్బు దగ్గర వస్తాయి, బ్రేకప్ ఐతే అందరూ రెండు పక్షాలు అవుతారు. అప్పిచ్చేటప్పుడు రాసుకోండి. కులం గురించి కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఇంగ్లీష్ మాట్లాడే, గచ్చిబౌలి ఫ్లాట్లలో ఉండే క్వీర్ వాళ్ళు తమలో తామే కుటుంబాలు కట్టుకుని, బస్తీలో ఉండే దళిత ట్రాన్స్ అక్కని ప్రైడ్ (క్వీర్ వాళ్ళ ఊరేగింపు) ఫోటోకి మాత్రం పిలిస్తే దాన్ని కుటుంబం అనలేను.

అమ్మానాన్నల్ని వదిలెయ్యాలా మరి?

వాళ్ళు కొట్టి, బంధించి ఉంటే దూరంగా ఉండండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. లేకపోతే తలుపు పూర్తిగా మూసెయ్యకండి. పెళ్ళికాని పిల్లలు కాబట్టి ముసలితనంలో అమ్మానాన్నల్ని చూసుకునే బాధ్యత మన మీదే ఎక్కువ పడుతుంటుంది కూడా, పెళ్ళైన అన్నయ్యకి సంసారం ఉంది, నీకేం ఉంది అంటారు. మీకూ సంసారం ఉందని, ఖర్చులో సమయంలో సగం పంచుకుందామని నోరు విప్పి చెప్పండి.

ఇప్పుడే ఎవరితోనైనా మాట్లాడాలి. ఎవరూ లేరు.

14416 కి చెయ్యండి, టెలీ మానస్, ప్రభుత్వానిది, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. లాయర్ పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100. పద్దెనిమిది లోపైతే 1098, ఆడవాళ్ళకి 181, ప్రాణభయం ఉంటే 112. అవతలివాళ్ళు సరిగ్గా మాట్లాడకపోతే పెట్టేసి మళ్ళీ చెయ్యండి, ఇంకొకరు ఎత్తుతారు.